పోతే ఎంత పోతుంది?

వ్యాపారం పెడదామనుకున్న ప్రతివాళ్లూ ముందు వేసేది లాభాల లెక్కే. మీరు మాత్రం నష్టం లెక్కతో మొదలుపెట్టండి.

కర్రీ పాయింట్ పెడుతున్నారనుకుందాం. రోజుకు నూట యాభై ప్యాకెట్లు, సరుకుల ఖర్చు పోను ప్యాకెట్‌కు పది రూపాయలు, నెలకు నలభై అయిదు వేలు. వినడానికి బాగానే ఉంది. అందులోంచి షాపు అద్దె, గ్యాస్, కరెంటు తీసేయండి. రాత్రికి మిగిలిపోయి పారబోసే పప్పు ఖరీదునూ తీసేయండి. తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లేది మీరు, తాలింపు వేసేది మీ ఇంట్లోవాళ్లు. ఆ ఇద్దరి జీతం కూడా తీసేశాక ఏమైనా మిగిలితే అదీ లాభం.

గీత ముందే గీయండి

ఎంత డబ్బు పోయినా తట్టుకోగలరు, ఎన్ని నెలలు చూడగలరు... ఈ రెండూ కాగితం మీద రాసి ఇంట్లో చూపించండి. పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చు అందులో కలపొద్దు. గీత లేనివాళ్లు ‘ఇంకొక్క నెల చూద్దాం’ అంటూనే నగలు తాకట్టు పెడతారు, ఆనక పొలం కాగితాలు బయటికి తీస్తారు. సొంత పేరు మీద నడిపే వ్యాపారంలో అప్పు తీరకపోతే సొంత ఆస్తి మీదికే వస్తుంది. ముద్ర రుణానికి తాకట్టు అక్కర్లేదు, నిజమే. వాయిదా కట్టడం మాత్రం తప్పదు.

పని నేర్చుకుని దిగండి

అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టేనాటికి మందుల తయారీకి కొత్తవారు కాదు. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేశారు, ఆ తర్వాత మరో రెండు కంపెనీలు నడిపారు. మీరు పెట్టాలనుకున్న వ్యాపారంలోనే కొన్నాళ్లు ఎవరి దగ్గరైనా పనిచేయండి. సరుకు ఎక్కడ చౌకో, ఎవరు డబ్బు ఎగ్గొడతారో జీతం తీసుకుంటూనే తెలిసిపోతుంది.

అరువుతో జాగ్రత్త

గిరాకీ ఉన్న వ్యాపారాలు కూడా మునిగేది ఇక్కడే. బాకీలు పుస్తకంలో ఉంటాయి, సరుకు తేవడానికి గల్లాలో డబ్బుండదు. మీది సరుకు తయారుచేసే చిన్న యూనిట్ అయితే ముందు ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేయించండి. అలాంటి యూనిట్ల దగ్గర కొన్నవాళ్లు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాన్ని వాడుకోవాలంటే బిల్లు, సరుకు అందినట్టు సంతకం మీ దగ్గరుండాలి.

ఇంత తలనొప్పి దేనికంటే

నిర్ణయం మీదవుతుంది. మీతోపాటు ఇంకో నలుగురికి పని దొరుకుతుంది. సంపాదనకు ఇంక్రిమెంటు హద్దు ఉండదు. తెలంగాణ కుర్రాడు ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఇబ్బంది పడ్డారు. మిత్రులతో కలిసి ముందు ట్రావెల్స్ వాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. దాంతో దారి మార్చి నేరుగా టికెట్లే అమ్మారు. 2006లో అలా మొదలైన రెడ్‌బస్‌ను 2013లో ఐబిబో అనే కంపెనీ కొనుక్కుంది.

మొదటి ఆలోచన బెడిసికొట్టినా రెండోదానికి ఓపిక, డబ్బు మిగిలి ఉండాలి. నష్టానికి గీత గీసుకునేది అందుకే. ఉద్యోగానికి రాజీనామా రాసే ముందు ఆ రెండు అంకెలూ రాయండి. రాయలేకపోతున్నారంటే, ఇంకొన్నాళ్లు జీతం తీసుకోండి.