కొన్న ధర తెలుసు, అమ్మే ధర తెలియదు

కొనేటప్పుడు ధర తెలిసి, అమ్మేటప్పుడు ధర తెలియకుండా సరుకు చేతబట్టేవాడే వ్యాపారి. ఇంచుమించు 300 ఏళ్ళ క్రితం ఈ మాటను అర్థశాస్త్రంలో ప్రవేశపెట్టినవాడు రిచర్డ్ కాంటిలాన్. ఆయన పాఠాలు చెప్పిన పండితుడు కాదు. హుండీలు, విదేశీ మారకం, కంపెనీ వాటాల వ్యాపారంలో పెద్ద ఆస్తి గడించిన బ్యాంకరు. ఆడం స్మిత్ 1776లో వెలువరించిన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో పేరెత్తి ప్రస్తావించిన కొద్దిమంది పూర్వ రచయితలలో ఆయన ఒకడు.

సైన్యం లెక్కల నుంచి బ్యాంకుకు

ఐర్లండులోని కెర్రీ ప్రాంతంలో, భూములు పోగొట్టుకున్న ఒక కాథలిక్ కుటుంబంలో 17వ శతాబ్ది చివరి భాగంలో కాంటిలాన్ జన్మించాడు. యువకుడుగానే ఫ్రాన్సు చేరాడు. స్పెయిన్ వారసత్వ యుద్ధం సాగుతున్న రోజులలో బ్రిటిష్ సైన్యాల జీతభత్యాలు చూసే జేమ్స్ బ్రిడ్జెస్ తరఫున స్పెయిన్‌లో పనిచేశాడు. ఒక దేశపు డబ్బును మరొక దేశంలోని సైన్యానికి చేర్చే పని అది. మారకపు రేట్ల హెచ్చుతగ్గులలో లాభనష్టాలు ఎలా పుడతాయో ఆయనకు అక్కడ అనుభవంలోకి వచ్చింది. తరువాత పారిస్‌లో తన బంధువు నడుపుతున్న బ్యాంకు వ్యాపారం ఆయన చేతికి వచ్చింది.

మిసిసిపి వాటాల జోరు

అప్పటికి ఫ్రాన్సు ప్రభుత్వం అప్పులలో మునిగి ఉంది. స్కాట్లండు దేశస్థుడు జాన్ లా 1716లో పారిస్‌లో నోట్ల బ్యాంకును, 1717లో అమెరికాలోని లూసియానా వర్తకం కోసం ఒక కంపెనీని స్థాపించాడు. జనం దానిని మిసిసిపి కంపెనీ అన్నారు. 1719లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కూడా ఇందులో కలిసిపోయింది. మచిలీపట్నంలో 1669 నుంచి ఫ్రెంచివారు నడిపిన వర్తకం ఈ విధంగా లా చేతికిందికి వచ్చింది.

500 లీవ్రుల ముఖవిలువ గల వాటా 1720 ఆరంభానికి 10,000 లీవ్రుల దరిదాపులకు పోయింది. వాటాలు కొనడానికి నోట్లు, నోట్లు పెరిగేకొద్దీ వాటాలకు గిరాకీ అన్నట్లు బజారు సాగింది. కాంటిలాన్ తొలుత లాతో కలిసి పనిచేసినవాడే. అయితే ఈ ధర నిలవదని గ్రహించి, 1719లోనే తన వాటాలు అమ్మి లాభంతో ఇటలీకి వెళ్ళిపోయాడు. నోట్ల విలువ పడిపోక తప్పదనే అంచనాతో తరువాత విదేశీ మారకంలో బేరాలు చేసి మళ్ళీ లాభపడ్డాడు. 1720 మే 21న ప్రభుత్వమే వాటాల ధరను, నోట్ల విలువను అంచెలంచెలుగా తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. జనం అలజడి చూసి కొద్దిరోజులకే దానిని రద్దు చేసినా పోయిన నమ్మకం తిరిగి రాలేదు. ఆ డిసెంబరులో లా దేశం విడిచిపోయాడు.

తాకట్టు సరుకుపై తగాదా

కాంటిలాన్ లాభాలన్నీ మచ్చలేనివి కావు. వాటాలు కొనదలచిన ఖాతాదారులకు ఆ వాటాలనే తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చాడు. తాకట్టుకు వచ్చిన వాటాలను మంచి ధర ఉండగానే అమ్మివేశాడు. బజారు పడిపోయాక అసలు, వడ్డీ చెల్లించమని ఖాతాదారులను అడిగాడు. తమ వాటాలు అమ్ముకుని సొమ్ము చేసుకున్నవాడికి తాము మళ్ళీ ఎందుకు చెల్లించాలని వారు కోర్టుకెక్కారు. ఏ వాటా ఎవరిదన్న గుర్తు లేనప్పుడు, అడిగిన నాటికి అన్ని వాటాలు తిరిగి ఇస్తే చాలునని ఆయన వాదం. గిడ్డంగిలో పెట్టిన సరుకుపై అప్పు తీసుకునే ప్రతి వర్తకుడికి ఈ ప్రశ్న బోధపడుతుంది. ఈ వ్యాజ్యాలు ఆయనను చివరిదాకా వెన్నాడాయి.

పచ్చి బఠాణీల బేరం

అనుభవసారమంతా ఆయన ఒక గ్రంథంలో పెట్టాడు. వర్తక స్వభావాన్ని గురించిన ఆ ఫ్రెంచి వ్యాసం ఆయన పోయాక 1755లో అచ్చయింది. బజారు ధర తేలే తీరును అందులో పచ్చి బఠాణీల ఉదాహరణతో చెప్పాడు.

కాపు మొదలైన రోజులలో నలుగురు ధనికుల ఇళ్ళ నౌకర్లు వెచ్చాలకు వచ్చారు. ఒక్కొక్కరికి 10 కొలతలు కావాలి. యజమానులు విధించిన హద్దులు వరుసగా 60, 50, 40, 30 లీవ్రులు. కావలసింది 40 కొలతలు. బజారుకు వచ్చింది 20 మాత్రమే. అమ్మేవారు బిగబట్టారు. 60 లీవ్రులవాడు ముందు సరుకు పట్టుకుపోయాడు. అంతకుమించి 50 దాటేవారు లేరని చూసి, మిగిలిన 10 కొలతలు ఆ ధరకే వదిలారు. 40, 30వాళ్ళు ఉత్త చేతులతో పోయారు. 20కి బదులు 400 కొలతలు దిగితే ధర కిందికి దిగివస్తుంది. కొనాలనుకోనివారు కూడా కొంటారు.

మొండిగా ధర పట్టుకుని కూర్చున్న అమ్మకందారు ఒక్కొక్కసారి మంచి అదను పోగొట్టుకుంటాడు, ఒక్కొక్కసారి మరునాడు హెచ్చు ధర పొందుతాడు. ఏది జరుగుతుందో ముందుగా చెప్పగలవారు లేరని కాంటిలాన్ ఉద్దేశం.

నష్టభయం ఎవరిది?

ఈ లెక్కన సమాజంలో జీతగాళ్ళు ఒక వర్గం, నష్టభయం మోసేవాళ్ళు మరొక వర్గం. జీతం అందుకునే సేనాధిపతి, ఇంటి నౌకరు ఒకే వర్గంలోకి వస్తారు. కౌలు రైతు రెండవ వర్గం. భూస్వామికి ఇవ్వవలసిన కౌలు ముందే ఖాయం; పంట ఎంత, ధర ఎంత అన్నది ఖాయం కాదు. యాచకులను, దొంగలను సైతం ఆయన ఈ రెండవ వర్గంలోనే చేర్చాడు. రేపటి రాబడి వాళ్ళకూ తెలియదు గదా!

కొత్త డబ్బు గురించి కూడా ఆయన మాట నేటికీ పనికివస్తుంది. గనుల నుంచి వెండి వస్తే ధరలన్నీ ఒకేసారి, ఒకే పాళ్ళలో పెరగవు. ముందు అందుకున్నవారు పాత ధరలకు కొంటారు. ఖర్చులు పెరిగాక కూడా పాత జీతం, పాత కౌలు అందుకునేవారు నష్టపోతారు.

1734 మేలో లండన్‌లోని ఆయన ఇల్లు తగలబడింది. ఎవరో చంపి నిప్పు పెట్టారన్న అనుమానంపై నౌకర్లను విచారించి నిర్దోషులుగా వదిలారు. పనినుంచి తొలగించిన వంటవాడిపైనా అనుమానం వచ్చింది, కాని అతడు పట్టుబడలేదు. గ్రంథానికి అనుబంధంగా ఆయన వేసిన లెక్కలు నేటివరకు దొరకలేదు. మరుగున పడిన గ్రంథాన్ని 1881లో ఇంగ్లీషు ఆర్థికవేత్త జెవన్స్ తిరిగి వెలుగులోకి తెచ్చాడు.

మిసిసిపి వాటాలలో కాంటిలాన్ అంచనా నిజమైంది. అలా నిజమైనవారు కొందరే. 10,000 లీవ్రుల దగ్గర కొన్నవారు కూడా ధర ఇంకా పెరుగుతుందనే అంచనాతోనే కొన్నారు. కొన్న ధర చీటీ మీద ఉంటుంది. అమ్మే ధర బజారు చెప్పేదాకా లాభం లెక్క రాసుకోరాదన్నది ఆయన జీవితం, గ్రంథం రెండూ చెప్పే పాఠం.