పనికి వెళ్లే తల్లి – ఇంట్లో బిడ్డకు తల్లిపాలు



కొంతకాలం క్రితం నాలుగు నెలల పాపను ఎత్తుకుని ఒక అమ్మమ్మ మా పిల్లల వార్డుకు వచ్చింది. పాపకు మూడు రోజులుగా విరేచనాలు. కళ్లు లోతుకు పోయాయి, నాలుక ఎండిపోయింది. సెలైన్ పెట్టి పాప కాస్త తేరుకున్నాక, ఏం పాలు పడుతున్నారని అడిగాము. ఆమె సంచిలోంచి పాలసీసా తీసింది. రబ్బరు పీక లోపల పాల జిడ్డు పేరుకుని ఉంది. "డబ్బా పాలు సిస్టరమ్మా. డబ్బా వారానికే అయిపోతోంది, అందుకని ఒక చెంచా తగ్గించి కలుపుతున్నాను" అంది.

తల్లి బట్టల షాపులో పని చేస్తుంది. మూడో నెల నిండగానే పనికి వెళ్లింది. మొదటి రోజు మధ్యాహ్నానికి రొమ్ములు రాయిలా బిగిసి, జాకెట్టు తడిసి, సిగ్గుతో ఏడ్చిందట. ఎవరో చెబితే గుడ్డతో గట్టిగా కట్టేసుకుంది. వారం పది రోజుల్లో పాలు తగ్గిపోయాయి. "నాకు పాలు ఎండిపోయాయండీ" అని ఆ అమ్మాయి మాతో చెప్పింది.

పాలు వాటంతట అవి ఎండిపోలేదు. తీయకపోవడం వల్ల తగ్గాయి. ఈ నెల మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. పనికి వెళ్లడం వల్ల తల్లిపాలు ఆగవు. బిడ్డ తాగవలసిన వేళకు బిడ్డయినా తాగాలి, చేత్తోనయినా తీయాలి. అలా చేసినంతకాలం పాలు వస్తూనే ఉంటాయి.

ఇది చెప్పే ముందు మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మేము డ్యూటీలో చేరిన తొలి రోజుల్లో ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చిన మా సిస్టర్లు తలుపు వేసుకుని పాలు సింకులోకి పిండి పారబోసేవారు. పక్క వార్డులో నెలలు నిండని బిడ్డలకు తల్లులచేత పాలు పిండించి, ఉగ్గుగిన్నెతో పట్టేది మేమే. మా పిల్లలకు మాత్రం ఇళ్లలో డబ్బా పాలు. ఆ పాలు ఇంటికి తీసుకెళ్లవచ్చన్న ఆలోచన మాకే రాలేదు.

పాలు ఎలా ఊరుతాయి?

రొమ్ము ఖాళీ అయిన కొద్దీ పాలు ఊరుతాయి, నిండుగా ఉండిపోతే ఊట తగ్గుతుంది. చెలమలో నీళ్లు తోడుతుంటే ఊరినట్లే. మరో సంగతి, దూడను చూస్తే ఆవు చేపుతుందని మీకందరికీ తెలుసు. తల్లి కూడా అంతే. బిడ్డను తలచుకున్నా, ఏడుపు విన్నా పాలు చేపుతాయి. భయం, తొందర, నొప్పి ఉంటే చేపు రాదు. "పిండితే రెండు చుక్కలే వచ్చాయి" అన్న తల్లులలో చాలామందికి పాలు లేక కాదు, చేపు రాక.

ఎన్ని పాలు కావాలి?

ఒకటి నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ రోజుకు సగటున 750 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. కొందరు తక్కువ, కొందరు ఎక్కువ తాగుతారు. తల్లి దూరంగా ఉన్న గంటకు సుమారు 30 మిల్లీలీటర్లు అని లెక్క వేసుకోండి. తొమ్మిది గంటలు బయట ఉంటే 250 నుంచి 300 మిల్లీలీటర్లు, అంటే దాదాపు మూడు చిన్న టీ గ్లాసులు. ఇది తీయలేనంత ఎక్కువేమీ కాదు. మిగిలిన పాలు ఉదయం, సాయంత్రం, రాత్రి బిడ్డ నేరుగా తాగుతుంది.

పనికి వెళ్లడానికి రెండు వారాల ముందు

– రోజుకు ఒకసారి పాలు తీయడం మొదలుపెట్టండి. తెల్లవారుజామున బిడ్డ తాగిన అరగంట, గంట తరువాత మంచి సమయం. మొదట్లో తక్కువ వస్తే దిగులు పడవద్దు.

– ఆ పాలను బిడ్డకు ఉగ్గుగిన్నెతో గాని, చిన్న గ్లాసుతో గాని పట్టడం అలవాటు చేయండి. పట్టేది పగలు బిడ్డను చూసుకునేవారే అయితే మంచిది. తల్లి ఎదురుగా ఉంటే బిడ్డ గిన్నెను తోసేస్తుంది, కాబట్టి ఆ సమయంలో తల్లి పక్క గదిలోకి వెళ్లాలి.

– ముందుగానే డబ్బా పాలు అలవాటు చేయకండి. "రేపు ఎలాగూ తప్పదు కదా" అని చాలామంది చేసే పొరపాటు ఇదే. బిడ్డ రొమ్ము తాగడం తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి.

చేత్తో పాలు తీసే పద్ధతి

దీనికి యంత్రం అక్కర్లేదు. సబ్బుతో కడిగిన చేతులు, మూత ఉన్న వెడల్పాటి స్టీలు గిన్నె చాలు. గిన్నెను, మూతను సబ్బుతో తోమి, మునిగేటట్లు నీళ్లు పోసి, ఐదు నుంచి పది నిమిషాలు మరిగించి ఆరనివ్వండి.

1. స్థిమితంగా కూర్చోండి. ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి. బిడ్డ ఫోటో గాని, బిడ్డ చొక్కా గాని దగ్గర ఉంచుకోండి. నవ్వకండి, ఇది బాగా పనిచేస్తుంది.

2. గోరువెచ్చని తడిగుడ్డతో రొమ్మును కాసేపు కాపి, వేళ్లతో మెల్లగా గుండ్రంగా నిమరండి.

3. బొటనవేలు పైన, చూపుడువేలు కింద ఉంచండి. వేళ్లు చనుమొన మీద కాదు, దాని చుట్టూ ఉన్న నల్లని వలయం అంచు దగ్గర, మొనకు సుమారు 3, 4 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

4. ముందుగా ఛాతీ వైపు లోపలికి నొక్కి, తరువాత రెండు వేళ్లను దగ్గరకు నొక్కి వదలండి. నొక్కడం, వదలడం, అంతే. ఒకటి రెండు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు. తరువాత చుక్కలు, ఆపై ధారలు వస్తాయి.

5. వేళ్లను చుట్టూ జరుపుతూ అన్ని వైపుల నుంచి తీయండి. మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి రొమ్ము మార్చండి. మొత్తం ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. అలవాటయ్యాక త్వరగా అవుతుంది.

చనుమొనను లాగకూడదు, చర్మం మీద వేళ్లు జారనీయకూడదు. నొప్పి పుడితే పద్ధతి తప్పిందని అర్థం.

పంపు వాడదలచిన వారు చేత్తో నొక్కేది గాని, కరెంటుది గాని వాడవచ్చు. రబ్బరు బుడ్డి ఉన్న పాతరకం పంపు మాత్రం కొనవద్దు. ఆ బుడ్డి లోపల శుభ్రం చేయడం కుదరదు. పాలు తగిలే భాగాలను ప్రతిసారీ కడగాలి. ఇంకొకరు వాడిన పంపు అరువు తెచ్చుకోవద్దు. పంపుతో నొప్పి ఉంటే గరాటు సైజు సరిపోలేదేమో చూపించుకోండి.

తీసిన పాలు ఎంతసేపు ఉంటాయి?

– 25 డిగ్రీల లోపు చల్లని గదిలో 4 గంటలు.

– మన వేసవిలో గదుల వేడి అంతకన్నా చాలా ఎక్కువ. అప్పుడు రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని మా వార్డులో చెబుతాము.

– ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు. తలుపు అరలో కాకుండా లోపలికి పెట్టండి. కరెంటు తరచుగా పోయే ఇళ్లలో మరుసటి రోజుకే వాడేయండి.

– సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైనుండే ఐస్ అరలో 2 వారాలు. వేరుగా తలుపు ఉన్న ఫ్రీజర్‌లో 6 నెలల లోపు వాడితే మంచిది.

– గడ్డకట్టిన ఐస్ ప్యాకులు పెట్టిన కూలర్ బ్యాగులో 24 గంటల వరకు.

ఫ్రిజ్ లేనివారు ఏం చేయాలి? వెడల్పు మూతి థర్మాస్ ఫ్లాస్కులో ఐస్ ముక్కలు వేసి, పాలు ఉన్న చిన్న స్టీలు డబ్బాకు గట్టిగా మూత పెట్టి అందులో దించండి. ఐస్ కరుగుతుంటే మళ్లీ వేయాలి. పని చోటు దగ్గరైతే మధ్యాహ్నం ఒకసారి బిడ్డను తల్లి దగ్గరకు తీసుకెళ్లడం అన్నిటికన్నా సులువైన మార్గం. మనవరాలిని ఎత్తుకుని రోజూ షాపు వెనుక గుమ్మం దగ్గరకు వెళ్లే తాతయ్య ఒకాయన మాకు తెలుసు.

ఒక్కో గిన్నెలో ఒక్క పూటకు సరిపడా, 60 నుంచి 90 మిల్లీలీటర్లు మాత్రమే పోయండి. తేదీ, సమయం రాసి అంటించండి. ముందు తీసినవి ముందు వాడండి.

అమ్మమ్మకు, నాయనమ్మకు

పగలు ఈ పని మీ చేతిలోనే ఉంది. పాలను పొయ్యి మీద కాచకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పాల గిన్నెను కాసేపు ఉంచితే చాలు. పైన మీగడలా తేలితే విరిగిపోయాయనుకోవద్దు. మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. ఫ్రీజర్ నుంచి తీసి కరిగించిన పాలు 24 గంటలలో వాడాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు.

బిడ్డను ఒడిలో తల ఎత్తుగా కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నె అంచు కింది పెదవికి ఆనించండి. బిడ్డే నాలుకతో అందుకుంటుంది. గొంతులోకి వంచి పోయకండి, పొలమారుతుంది. తల తిప్పేస్తే ఆపండి. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలలోపు పట్టండి, లేకపోతే పారబోయండి. పాలసీసా మాత్రం వద్దు. మూలల్లో, పీకలో పేరుకునే మురికే ఆ పాప విరేచనాలకు కారణమని మా అనుమానం.

పని చోట

మూడు గంటలకు ఒకసారి పాలు తీయడం మంచిది. తొమ్మిది గంటల పనిలో రెండుసార్లు, వీలైతే మూడుసార్లు. ఒకసారి కూడా వీలుకాకపోతే కనీసం బిగువు తగ్గేవరకైనా పిండి వేయండి. ఆ పాలు దాచలేకపోయినా రేపటి పాలు నిలుస్తాయి.

చట్టం కూడా మీ వైపు ఉంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. బిడ్డకు 15 నెలలు నిండేవరకు మామూలు విరామం కాక రోజుకు రెండు పాల విరామాలు ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి ఉన్నచోట శిశు సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులను ఉంచారు. అయితే చిన్న షాపుల్లో, ఇళ్లలో, పొలాల్లో పనిచేసే మీలో చాలామందికి ఈ లెక్కలు అందవని మాకు తెలుసు. అక్కడ యజమానితో మాట్లాడాలి. అడిగేందుకు సిగ్గుపడకండి. పదిహేను ఇరవై నిమిషాలు, తలుపు ఉన్న ఒక గది. మనం అడిగేది ఇంతే. మన సంఘంలో షాపులు, స్కూళ్లు నడిపే కుటుంబాలు చాలా ఉన్నాయి. అడిగేవరకు ఆగకుండా ఆ గది మీరే చూపించండి.

మమ్మల్ని అడిగే సందేహాలు

ఎండలో పనిచేసి వస్తే పాలు వేడి చేస్తాయా? చేయవు. రొమ్ములోని పాలు చెడిపోవు. మొదటి పాలు పిండి పారబోయనక్కర్లేదు. చెమట తుడుచుకుని, చేతులు కడుక్కుని, నీళ్లు తాగి బిడ్డను పెట్టుకోండి.

గిన్నెలో పెట్టిన పాలకు దిష్టి తగలదా? పాలకు హాని చేసేవి మురికి చేతులు, మూత లేని గిన్నె, వేడి. ఈ మూడు చూసుకుంటే చాలు.

రాత్రి బిడ్డ ఎక్కువసార్లు లేస్తోంది, ఏం చేయాలి? పగటి లోటు రాత్రి తీర్చుకుంటోంది. పక్కనే ఉంచుకుని పాలివ్వండి. రాత్రి పాలిస్తే పాల ఊట బాగా నిలుస్తుంది. ఇంట్లోవారు ఉదయం పని కొంత పంచుకుంటే తల్లికి నిద్ర దొరుకుతుంది. సెలవు రోజున గిన్నె పక్కన పెట్టి రొమ్ము పాలే ఇవ్వండి.

ఎంత తీసినా చాలడం లేదు, డబ్బా పాలు కలపవచ్చా? ముందు మాకు చూపించండి. చాలాసార్లు పద్ధతి సరిదిద్దితే సరిపోతుంది. నిజంగా అవసరమైతే డాక్టరుగారు చెబుతారు. అప్పుడు కూడా డబ్బా మీద రాసిన కొలత తగ్గించకూడదు. పలుచని పాలతో బిడ్డ కడుపు నిండినట్లుంటుంది, ఒళ్లు రాదు.

వెంటనే రావలసినవి

రొమ్ములో గడ్డ, ఎరుపు, నొప్పితో పాటు చలిజ్వరం వస్తే ఆగకండి. అప్పటివరకు పాలివ్వడం మానకండి, గుడ్డతో బిగించకండి. బిడ్డ రోజుకు ఆరుసార్ల కన్నా తక్కువ మూత్రం పోసినా, బరువు పెరగకపోయినా, విరేచనాలు పట్టుకున్నా తీసుకురండి. ఏదైనా జబ్బుకు మందులు వాడుతున్న తల్లులు పాలు మానేముందు డాక్టరుగారిని అడగండి. మానవలసిన మందులు తక్కువే.

మొదట చెప్పిన పాప సంగతి. తల్లీబిడ్డలను వార్డులో ఉంచి, రెండు మూడు గంటలకు ఒకసారి బిడ్డను రొమ్ముకు పెట్టించాము. తరువాత చేత్తో తీయించాము. మొదటి రోజు గిన్నె అడుగు కూడా తడవలేదు. రెండు వారాలకు డబ్బా పాలు సగానికి తగ్గాయి. నెల తిరిగేసరికి డబ్బా అవసరం లేకపోయింది. ఆ అమ్మాయి మళ్లీ పనికి వెళ్లింది. షాపు యజమాని భార్య స్టాకు గదికి గడియ పెట్టించింది. ఇంట్లో అమ్మమ్మ పాలసీసాను పారేసి, అటక మీదనుంచి పాత ఉగ్గుగిన్నె దించింది. ఆ అమ్మాయి చిన్నప్పుడు పాలు తాగింది కూడా దానితోనే అట.

ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తరువాత అన్నంతో పాటు రెండేళ్లు, ఆ పైన కూడా తల్లిపాలు ఇవ్వాలి. ఇది ఇంట్లో ఉండే తల్లికే కాదు, పనికి వెళ్లే తల్లికీ సాధ్యమే. మీ సెలవు ముగియడానికి రెండు వారాల ముందు ప్రసూతి వార్డుకు రండి. వస్తూ పగలు బిడ్డను చూసుకునేవారిని కూడా వెంటబెట్టుకుని రండి. ఇద్దరికీ కలిపి నేర్పిస్తాము.