వత్తు తెగని వెబ్ పేజీ

మనలో చాలామందిమి ట్యుటోరియల్స్ చూసి వెబ్ పేజీలు కట్టడం నేర్చుకున్నవాళ్లమే. వాటిలో నమూనా పేజీలన్నీ ఇంగ్లీషువి. అందుకే సీఎస్‌ఎస్ బాగా వచ్చినవాళ్లు కూడా ఒక తెలుగు కథని పేజీలో పెట్టేసరికి తడబడతారు. మన క్లబ్ పేజీలు నేనే చూస్తున్నాను కాబట్టి తేడా ఎక్కడ వస్తుందో చెప్తాను. హెచ్‌టీఎమ్‌ఎల్ ఓనమాలు మీకు వచ్చనే అనుకుంటున్నా.

'స్త్రీ' అని టైప్ చేసి చూడండి. మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. జావాస్క్రిప్ట్‌ని లెంగ్త్ అడిగితే 6 అంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 18. క్విజ్‌లో అడగడానికి చెప్పట్లేదు ఇది. హోమ్ పేజీలో కథ మొదటి 100 అక్షరాలు చూపించి మూడు చుక్కలు పెట్టే కోడ్ అందరం రాస్తాం కదా, ఆ కోత మధ్యలో పడిందంటే 'స్త్రీ' కాస్తా 'స్త్' అయి కూర్చుంటుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ దగ్గరే కోయండి. లేదంటే లైన్-క్లాంప్ పెట్టి ఆ పని బ్రౌజర్‌కి వదిలేయండి.

తర్వాత ఎత్తు సంగతి. అసలు గొడవంతా ఇక్కడే. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి. కింద వత్తు, ఒక్కోసారి ఒకటికి రెండు. ఇంగ్లీషు టెంప్లేట్‌లోని 1.2 లైన్-హైట్ అలాగే ఉంచితే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి. నేను 1.7 దగ్గర మొదలుపెట్టి, ఫాంటుని బట్టి అటూ ఇటూ జరుపుతాను. బటన్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఎత్తుని పిక్సెల్స్‌లో బిగించేసి, ఓవర్‌ఫ్లో హిడెన్ అన్నారనుకోండి, 'కొత్త కథలు' అన్న బటన్ 'కొత కథలు' అవుతుంది. ఎత్తు ఇవ్వకండి, ప్యాడింగ్ ఇవ్వండి. మిగతాది అక్షరమే తేల్చుకుంటుంది. ఇటాలిక్ జోలికి మాత్రం పోవద్దు. తెలుగు ఫాంట్లలో ఆ రూపం సాధారణంగా ఉండదు, బ్రౌజరే అక్షరాన్ని బలవంతంగా పక్కకి వంచుతుంది. చూడ్డానికి గాలివానకి ఒరిగిన కరెంటు స్తంభంలా ఉంటుంది.

ఫాంట్లకి ఇప్పుడు కరువు లేదు. మండలి, సురన్న, రామభద్ర, ధూర్జటి, గిడుగు, నోటో సాన్స్ తెలుగు అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. అలాగని ఒకే పేజీలో ఐదు వాడొద్దు. గుణింతాలు, వత్తులు కలిపి తెలుగు ఫాంటులో వందల రూపాలుంటాయి, ఫైలు బరువు ఊరికే పోదు. శీర్షికకొకటి, కథకొకటి చాలు. ఫాంట్-డిస్‌ప్లేకి స్వాప్ అని ఇస్తే ఫాంటు దిగేలోపు పాఠకుడు తెల్ల పేజీ చూస్తూ కూర్చోనక్కర్లేదు.

'సాఫ్ట్‌వేర్' అని సరిగా కనపడాలంటే ట తర్వాత పొల్లు, ఆ వెంటనే జీరో-విడ్త్ నాన్-జాయినర్ అనే కంటికి కనపడని గుర్తు ఉండాలి. లేకపోతే వ వత్తు పడి 'సాఫ్ట్వేర్' అవుతుంది. కొందరు ఆ గుర్తుతో, కొందరు అది లేకుండా టైప్ చేస్తారు. కాబట్టి సెర్చ్ బాక్స్ రాసేటప్పుడు వెతికే మాటలోంచీ, వెతకబడే పాఠంలోంచీ ఆ గుర్తు తీసేసి పోల్చండి. లేకపోతే ఎదురుగా ఉన్న కథ కూడా దొరకదు.

లింకుల్లో తెలుగు పెట్టొచ్చు గానీ, కాపీ చేసినప్పుడు ఒక్కో గుర్తు తొమ్మిది క్యారెక్టర్లుగా విడిపోతుంది. 'తెలుగు' అన్న ఒక్క మాటే 54 అవుతుంది! వాట్సాప్‌లో పంపాలంటే భయమేస్తుంది.

ఇక బొమ్మల సంగతి. కవితని అందమైన బ్యాక్‌గ్రౌండ్ మీద రాసి, ఇమేజ్‌గా అప్‌లోడ్ చేయడం మనవాళ్లకి మహా సరదా. నా బ్యాచ్‌మేట్ ఒకతనికి చూపు బాగా తక్కువ, ఫోన్ చదివి వినిపిస్తే వింటాడు. కథలన్నీ వింటాడు, కవితల దగ్గరికొచ్చేసరికి ఫోన్ 'ఇమేజ్' అని ఊరుకుంటుంది. బొమ్మ పెట్టండి, కింద కవితని అక్షరాల్లోనూ ఇవ్వండి. అలాగే టెంప్లేట్‌లో లాంగ్ దగ్గర 'ఈఎన్' అని ఉంటే 'టీఈ' చేయండి. ఏ గొంతుతో చదవాలో స్క్రీన్ రీడర్‌కి తెలిసేది దాన్నిబట్టే.

పాత సంచికలది ఇంకో కథ. సీనియర్లు డీటీపీలో అను ఫాంట్లతో చేయించిన పీడీఎఫ్‌లు అవి. చూడ్డానికి ముచ్చటైన తెలుగు, కాపీ చేస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టిన ఫాంట్లు కదా, లోపల యూనికోడ్ తెలుగు లేదు. అందుకే ఆ రచయితల పేర్లు వెతికినా ఆ కథలు రావు. కన్వర్టర్లున్నాయి, కానీ వత్తులు, అరసున్నల దగ్గర తప్పులు పోతాయి. పక్కన పీడీఎఫ్ పెట్టుకుని మనిషి చదివి దిద్దాల్సిందే. నేను ఒక సంచిక మొదలుపెట్టాను, సగం అయింది. మిగతా వాటికి మనుషులు కావాలి. కోడింగ్ రాకపోయినా పర్లేదు, తెలుగు చదవడం వస్తే చాలు.