పటాన్‌చెరులో పఠాన్ ఎవరు?

పోయిన సెమిస్టర్ మా హాస్టల్లో ఒక గొడవ అయింది. ఒకడు "పటాన్‌చెరు అంటే పఠాన్ల చెరువు, ఈ పేరు మార్చాలి" అన్నాడు. ఇంకొకడు "మా తాత పుట్టిన ఊరు, మార్చడానికి నువ్వెవడ్రా" అన్నాడు. వారం రోజులు మాటల్లేవు. ఇద్దరూ నా రూమ్మేట్లే. అందుకే కోడింగ్ పక్కనపెట్టి ఈ పేరు సంగతి చదివాను.

11వ శతాబ్దంలో ఈ ప్రాంతం కళ్యాణి చాళుక్యులది. రెండో జయసింహుడి కాలపు శాసనాల్లో 'పొట్టలకెరె' అనే రాజధాని ఉంది. అది మన పటాన్‌చెరే అని చరిత్రకారులు గుర్తించారు. పఠాన్ మన చెవికి తర్వాత వినిపించినవాడు, అంతే.

నాకు బాగా నచ్చింది మాత్రం 'కెరె'. కన్నడలో కెరె అంటే చెరువే. కన్నడ 'కివి' మనకు చెవి, 'కై' మనకు చెయ్యి. అలాగే కెరె, చెరువు. రెండూ ఒకే పాత ద్రావిడ మాట నుంచి వచ్చాయి. ఇ, ఎల ముందు 'క' తెలుగులో 'చ' అయిపోయింది. అంటే ఊరి పేరులో రెండో సగాన్ని ఎవరూ మార్చలేదు, తెలుగు నోట పలికారు.

మన బస్ రూట్ కూడా చూడండి. రామచంద్రాపురం, ఇస్నాపూర్, రుద్రారం. మూడింట్లోనూ ఉన్నది 'పురం' ఒక్కటే! ఉర్దూ నోట 'పూర్' అయింది. మన ఊళ్లలో పురం కాస్తా వరమై, ఆ 'వ' కూడా కరిగి 'ఆరం' మిగిలింది.

ఒక భాష పేరును ఇంకో భాష చెవితో వినడం ఐర్లాండ్‌లో సర్కారు పనిగానే జరిగింది. 1824లో మొదలైన బ్రిటిష్ మ్యాపుల సర్వే ఐరిష్ ఊళ్ల పేర్లను ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో పెట్టింది. అక్కడ 'కిల్'తో మొదలయ్యే ఊళ్లు బోలెడు. ఇంగ్లిష్ మీడియం బుర్రకి హత్యలే గుర్తొస్తాయి కదా! చాలావాటిలో ఆ 'కిల్' ఐరిష్ మాట, చర్చి అని అర్థం. కిల్డేర్ అంటే ఓక్ చెట్టు చర్చి.

ఇదంతా రూమ్‌లో చెప్పాను. మొదటివాడు కాసేపు ఆలోచించి, "అయితే పొట్టలకెరె అని మార్చాలి" అన్నాడు.

"బస్సు బోర్డు మీద రాస్తే కండక్టర్ కూడా ఎక్కడు" అన్నాడు రెండోవాడు. వారం తర్వాత వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాట అది.