పాత పికప్పు బండిని బాగుచేయుట

అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 1925వ సంవత్సరమున టీ మాడలు కారునకు వెనుక ఉక్కుతొట్టి నమర్చి 281 డాలర్లకు విక్రయించిరి. సామాను మోయు ఆ పికప్పు బండ్లను నేటికిని అచ్చట తండ్రులును బిడ్డలును కలసి బాగుచేయుచుందురు. త్రుప్పు గీకుట, రంగు వేయుట ఓపికగలవాడెవడైనను చేయును. కష్టమంతయు యంత్రమును కదలించుటయందే యున్నది.

ముందువైపుననున్న పిడిని చేతితో త్రిప్పవలయును. అంతకుముందే చేతిబ్రేకు లాగి, నడుపుచక్రముక్రింద ఎడమనున్న మీటను పైకి నెట్టి, నిప్పురవ్వ ఆలస్యముగా పుట్టునట్లు చేయవలయును. మరచినచో పిస్టను పైకి చేరకమున్నే పెట్రోలు ఆవిరి మండి, పిడి వెనుకకు తన్నును, మణికట్టు విరుగవచ్చును. కావున తండ్రి మొదట నేర్పునది, ఎడమచేతితో పట్టి, బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్లప్రక్కనే యుంచి, క్రిందినుండి పైకి లాగుట. (క్రిందికి త్రోయుట ఎన్నడును కూడదు.) కుమారుడు తొందరపడును. తండ్రి మాత్రము మీటను మరియొకసారి చూచివచ్చినపిమ్మటనే వానిని పిడి ముట్టనిచ్చును.