చెరువు లెక్క - కంప్యూటరు పాఠం

మా ప్రోగ్రామింగు లాబులో ఇచ్చిన అభ్యాసం చూడటానికి చిన్నదే: "ఒక వనరును అది అయిపోయేదాకా కొందరికి పంచండి. ఎవరికెంత ముట్టిందో చూపండి." మిత్రులు చాక్లెట్లు, సినిమా టికెట్లు పంచారు. వ్యవసాయదారుల ఇంట్లో పుట్టినవాణ్ణి గనక నేను ఊరి చెరువును తీసుకున్నాను.

లెక్క ఇది. యాసంగిలో చెరువుకు కొత్త నీరు రాదు, ఉన్నదే ఉన్నది. అది 1,00,000 ఘనపు మీటర్లు అనుకుందాం. ఆయకట్టులో 10 మంది రైతులు, తలా 4 ఎకరాలు. వరికి పంటకాలం మొత్తానికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరానికి దాదాపు 4,850 ఘనపు మీటర్లు, ఒక్కో రైతుకు 19,400. చెరువులో ఆవిరైపోయే నీటిని ఇందులో కలపలేదు.

మొదటి ప్రోగ్రాం: "నీరు సున్నా కంటే ఎక్కువున్నంతసేపు ఇస్తూ పో" అని వైల్ లూపు రాశాను. ఆరో రైతుకు ఇచ్చాక చెరువులో మైనస్ 16,400 అని చూపింది! మా సారు నవ్వి, "లేని నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చావయ్యా?" అన్నారు. నేను 'నీళ్లున్నాయా' అని మాత్రమే అడిగాను. 'ఇవ్వబోయేదానికి సరిపడా ఉన్నాయా' అని అడగాలి.

రెండోది: తప్పు దిద్దాను. మొదటి ఐదుగురికీ పూర్తిగా అందింది. ఆరో అతనికి 3,000. చివరి నలుగురికీ సున్నా. ప్రోగ్రాంలో దోషం లేదు. కాని మాది కాలువ చివరి పొలం. ఆ సున్నాల్లో నాకు మా ఇల్లే కనపడింది.

మూడోది: వంతులు పెట్టి వెయ్యేసి ఘనపు మీటర్లు ఇచ్చాను. పదో వంతుకు చెరువు ఖాళీ, అందరికీ సమంగా 10,000. న్యాయం జరిగిందని సంబరపడ్డాను. తర్వాత తట్టింది, 19,400 కావలసిన వరికి 10,000 ఇస్తే ఎవరికీ గింజ దక్కదు. నేను ఇంటర్ చదివేటప్పుడు మా వరి ఈనే వేళకు నీళ్లు ఆగిపోతే, నాయిన గొడ్లను చేన్లోకి తోలాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

సెలవులకు వెళ్లి తాతకు ఈ కథంతా చెప్పాను. "నారు పోసినంక పంచుడేందిరా? చెర్ల నీళ్లు జూసి, ఎన్నెకరాలో ముందే ఖాయం జేస్తుంటిమి" అన్నాడు. దాన్నే తైబందీ అంటారు.

నాలుగో ప్రోగ్రాంలో లూపుకు ముందే భాగహారం పెట్టాను. ఉన్న నీటికి 20 ఎకరాలే పండుతాయి, కనుక తలా 2 ఎకరాలు. ఖర్చు 97,000, మిగులు 3,000, సున్నాలు లేవు. గమనించండి, రెండో ప్రోగ్రాంలో పూర్తిగా పండిందీ 20 ఎకరాలే. పంట అంతే, కాని గింజలు చేరిన ఇళ్లు ఐదుకు బదులు పది.

ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో 1960లలో డైక్‌స్ట్రా చెప్పిన బ్యాంకరు అల్గారిథం కూడా ఇలాంటిదే: ఇచ్చాక కూడా అందరి పనీ ఏదో ఒక వరుసలో పూర్తవుతుందని తేలితేనే ఇవ్వాలి. కాకపోతే అక్కడ పని ముగించినవాడు తీసుకున్నది తిరిగి ఇస్తాడు. వరి తాగిన నీరు తిరిగి రాదు. అందుకే ఇక్కడ ముందుచూపు ఇంకా ఎక్కువ కావాలి.

ప్రింటవుటు మడిచి దాచుకున్నాను. వచ్చే యాసంగికి నార్లు పోయకముందే ఊళ్లో చూపిస్తాను. తూము దగ్గరి రైతులు రెండేసి ఎకరాలు వదులుకుంటారా అన్నది ఏ లూపూ చెప్పదు. వాళ్లనే అడగాలి.