పాత కారుకు హెచ్చరిక బజరు

2019 జూలై 1 తరువాత తయారైన కార్లు గంటకు 80 కిలోమీటర్ల వేగము దాటగనే మ్రోగును. పాత కార్లకు అట్టి నోరు లేదు. 1998లో తిరువళ్ళూరు కర్మాగారమున మిత్సుబిషి లాన్సరు తయారీ ఆరంభమైనది. ఆ కాలపు కార్లలో పెక్కింట ఆయిల్ ఒత్తిడి తగ్గినచో ఎఱ్ఱదీపము వెలుగును, అంతియే. తిరుత్తణి కొండదారి మలుపులపై చూపు నిలిపినవాడు మిట్టమధ్యాహ్నపు టెండలో దానిని గమనింపకపోవచ్చును. ఆయిల్ అందని ఇంజను కొలది నిమిషములలోనే బిగిసిపోవును.

దీనికి 12 ఓల్టుల బజరొకటి చాలును. ఒత్తిడి తగ్గగనే ఇంజనుపై నున్న స్విచ్చి దీపపు తీగను ఇంజను లోహముతో కలిపి వలయమును పూర్తిచేయును. బజరు ధన తీగను, తాళము త్రిప్పినపుడే విద్యుత్తు వచ్చు చోట, చిన్న ఫ్యూజు ద్వారా కలుపవలెను. ఋణ తీగను ఆ స్విచ్చి తీగకు కలుపవలెను. విద్యార్థులారా, ఇది మీరు చదివిన సమాంతర సంధానమే! శ్రేణిలో కలిపినచో దీపము సరిగా వెలుగదు.

తాళము త్రిప్పగనే బజరు మ్రోగి, ఇంజను నడువగనే ఆగవలెను. మొదట మ్రోగనిచో తీగ ఊడినదేమో చూడుడు. దారిలో మ్రోగినచో కొండపైకి చేరినపిమ్మట చూతమనక, వెంటనే ప్రక్కకు ఆపి ఇంజను నిలుపవలెను. తల్లిదండ్రులకొక మాట: పని మొదలిడుటకు ముందు బ్యాటరీ ఋణ తీగను విప్పుడు.